నెల్లూరు, ఒంగోలు నుంచి ఎయిర్‌పోర్టుకు కారు మాట్లాడుకోవడం ఎలా?

"మా అమ్మాయి ఫ్లైట్ శుక్రవారం తెల్లవారుజామున 3.50కి. కారు ఎన్నింటికి చెప్పాలి?" "చెన్నైకి ఎంత అడుగుతారు? రానుపోను ఇవ్వాలా?" "తమిళనాడు బార్డర్‌లో ఆపుతారా?" నన్ను అడిగేవాళ్ల ప్రశ్నలు దాదాపు ఇవే. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పడం, చివర్లో ఏదో ఒకటి మర్చిపోవడం జరుగుతోంది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నెల్లూరు జిల్లా దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట మనం ఏళ్ల తరబడి వింటున్నాం. అది వచ్చేదాకా మన రెండు జిల్లాల వాళ్లకు విమానం ఎక్కడమంటే ముందు రెండు మూడు గంటల నుంచి ఆరు గంటల దాకా రోడ్డు ప్రయాణం. టికెట్‌కు వేలూ లక్షలూ పోసి, కారు దగ్గర ఒక్క ఫోన్ కాల్‌తో సరిపెట్టుకుంటే టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఇవి దగ్గర పెట్టుకోండి:

- టికెట్. అందులో ఫ్లైట్ నంబరు, తేదీ, టైము, టెర్మినల్.
- ఎంతమంది వెళ్తున్నారు, అందులో ఎంతమంది తిరిగి వస్తారు.
- పెద్ద పెట్టెలు ఎన్ని, చిన్నవి ఎన్ని.
- ఇంటి లొకేషన్. గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి చూడండి. కొత్త లేఅవుట్లలో అది పక్క వీధిలో చూపిస్తుంటుంది.
- వాట్సాప్ ఉన్న రెండు ఫోన్ నంబర్లు. ఒకటి ప్రయాణించేవాళ్లది, ఇంకొకటి ఇంట్లో ఉండేవాళ్లది.

1. ఏ ఎయిర్‌పోర్టో ముందు తేల్చుకోండి

టికెట్ ఇంకా కొనకపోతే ఈ మెట్టు మీకోసమే. కొనేసి ఉంటే రెండోదానికి వెళ్లండి.

నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు రమారమి 185 కిలోమీటర్లు. రేణిగుంటలో ఉన్న తిరుపతి ఎయిర్‌పోర్టు నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా 130 లోపే. హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్లకైతే నెల్లూరు వాళ్లు రేణిగుంట టికెట్ కూడా చూడాలి. ఊరు దాటే ట్రాఫిక్ ఉండదు, రాష్ట్రం దాటే పర్మిట్ గొడవా ఉండదు.

ఒంగోలు వాళ్లకు గన్నవరంలోని విజయవాడ ఎయిర్‌పోర్టు దగ్గరవుతుంది, చిలకలూరిపేట, గుంటూరు మీదుగా 165 కిలోమీటర్ల పైచిలుకు. అదే చెన్నై అయితే 300 దాటుతుంది. చెన్నైలో టికెట్ రెండు వేలు తక్కువని కొంటే ఆ రెండు వేలకు మించి కారుకే పోతుంది. టికెట్ ధరకు కారు బాడుగ కలిపి పోల్చండి.

మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచి శంషాబాద్ వెళ్లేవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. దోర్నాల, శ్రీశైలం మీదుగా వెళ్లే నల్లమల దారిలో అటవీ చెక్‌పోస్టులు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. తెల్లవారుజాము ఫ్లైట్‌కు ఈ దారి నమ్ముకుంటే చీకటి పడకముందే అడవి దాటాలి, లేదంటే మాచర్ల, సాగర్ మీదుగా వెళ్లాలి.

2. టైము వెనక నుంచి లెక్కేయండి

అందరూ "మూడున్నర గంటల ప్రయాణం కదా" అని ఇంటి నుంచి ముందుకు లెక్కేస్తారు. మీరు విమానం టైము నుంచి వెనక్కి రండి.

విమానం టైము అంటే అది తలుపులు మూసుకుని గేటు నుంచి కదిలే టైము. దేశంలో తిరిగే విమానాలకు సామాను తీసుకునే కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, విదేశీ విమానాలకు అంతకంటే ముందే మూసేసే సంస్థలూ ఉన్నాయి. మీ టికెట్ మీద ఎంత రాసి ఉందో చూసుకోండి. దేశీయానికి రెండు గంటలు, విదేశానికి మూడు గంటలు ముందు ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర ఉండాలి.

నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు రోడ్డు ఖాళీగా ఉంటే మూడున్నర గంటలు పడుతుంది. నేను ఎప్పుడూ ఐదు గంటలు వేసుకుంటాను. ఎందుకంటే ఎయిర్‌పోర్టు చెన్నైకి దక్షిణాన ఉంది, మనం వెళ్లేది ఉత్తరం నుంచి. రెడ్‌హిల్స్, పుళల్ దగ్గర కంటైనర్ లారీలు, తర్వాత బైపాస్, చివర్లో తాంబరం, పల్లావరం వైపు రద్దీ. ఆఖరి 40 కిలోమీటర్లు ఒక్కోసారి గంటన్నర తినేస్తాయి. ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 5 నుంచి 9 వరకు మరీ ఎక్కువ.

రెండు ఉదాహరణలు చూడండి.

ఉదయం 10.30కి ఢిల్లీ విమానం. 8.30కి అక్కడ ఉండాలి. ఐదు గంటలు వెనక్కి వస్తే 3.30. అంటే నెల్లూరులో తెల్లవారుజాము మూడున్నరకు కారు కదలాలి. వాకిట్లోకి రావాల్సింది 3.15కి.

రెండోది అసలు చిక్కు. టికెట్ మీద "15వ తేదీ శుక్రవారం 3.50" అని ఉంది. మూడు గంటలు వెనక్కి వస్తే 12.50. ఐదు గంటలు తీసేస్తే రాత్రి 7.50. అది 14వ తేదీ, గురువారం. "శుక్రవారం రాత్రి ఫ్లైట్" అని నోటితో చెప్పారంటే డ్రైవర్ శుక్రవారం రాత్రి భోంచేసి హాయిగా వస్తాడు. అప్పటికి విమానం వెళ్లిపోయి పదహారు గంటలు దాటి ఉంటుంది. ఈ పొరపాటు బాగా చదువుకున్న ఇళ్లలోనే జరగడం నేను చూశాను. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 లోపు ఏ విమానమైనా సరే, మనం బయల్దేరే తేదీ దాదాపు ఎప్పుడూ ముందు రోజే.

సరిచూసుకోవడం ఇలా: లెక్క అయ్యాక "గురువారం సాయంత్రం భోజనం ఎక్కడ చేస్తాం? రాత్రి నిద్ర ఎక్కడ?" అని ఇంట్లోవాళ్లను అడగండి. "భోజనం కారులో, నిద్ర విమానంలో" అని జవాబు వస్తే లెక్క సరిగ్గా ఉన్నట్టు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వాయుగుండాల కాలం. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయి రాకపోకలు ఆగాయి. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపానుకు చెన్నై ఎయిర్‌పోర్టునే మూసేశారు. ఆ నెలల్లో తుపాను హెచ్చరిక ఉంటే ఒక రోజు ముందే చెన్నై చేరి గది తీసుకోవడం మేలు. ఇల్లు కదిలే ముందు విమానం ఉందో లేదో విమాన సంస్థ యాప్‌లో చూడండి.

3. సామాను చూసి బండి ఎంచుకోండి

చాలామంది సీట్లు లెక్కపెట్టి బండి చెబుతారు. ఎయిర్‌పోర్టు ప్రయాణంలో ముందు లెక్కపెట్టాల్సింది పెట్టెలు.

అమెరికా వెళ్లే పిల్లకు సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు, చేతిపెట్టె ఒకటి, వీపు బ్యాగు ఒకటి. డిజైర్ లాంటి సెడాన్ డిక్కీలో రెండు పెద్దవి ఇరుగ్గా పడతాయి. ఎటియోస్ డిక్కీ అంతకంటే చాలా పెద్దది, మూడు పట్టొచ్చు. కానీ టాక్సీల్లో ఇప్పుడు సీఎన్‌జీ బళ్లు ఎక్కువ. సిలిండర్ డిక్కీలోనే కూర్చుంటుంది. "డిజైర్ పంపిస్తాం" అంటే అక్కడితో ఆగకండి, "సీఎన్‌జీనా? డిక్కీ ఖాళీగా ఉంటుందా?" అని అడగండి.

ఎర్టిగా, ఇన్నోవా ఏడుగురికి అంటారు. ఏడుగురు కూర్చుంటే వెనక సీటు వెనకాల చేతిసంచులకు తప్ప చోటుండదు. వెనక సీటు మడిస్తే నాలుగు పెద్ద పెట్టెలు పడతాయి, మనుషులు మాత్రం డ్రైవర్ కాక నలుగురే. సాగనంపడానికి తాతయ్య, మేనత్త, బాబాయ్ అందరూ రావాలనుకుంటే పైన క్యారియర్ ఉన్న బండి కావాలి, దానికి టార్పాలిన్, గట్టి తాడు ఉండాలి. క్యారియర్ మీద ల్యాప్‌టాప్ బ్యాగు, పాస్‌పోర్టు ఉన్న సంచి పెట్టొద్దు.

సాగనంపే వాళ్ల విషయంలో నా మాట: ఇద్దరు చాలు. టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు, గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. పెద్దవాళ్లను రానుపోను పది గంటలు కారులో కుదేసి, అక్కడ పది నిమిషాలు నిలబెట్టి తీసుకురావడం వాళ్ల ఒంటికి మంచిది కాదు. ఇంట్లోనే కొబ్బరికాయ కొట్టి, హాయిగా కూర్చుని మాట్లాడుకుని పంపండి.

ఆవకాయ, గోంగూర సీసాలు కౌంటర్‌లో ఇచ్చే పెట్టెలోనే వెళ్లాలి. చేతిపెట్టెలో ఉంటే తనిఖీ దగ్గర తీసేస్తారు. కారులో పెట్టె పడుకోబెట్టేటప్పుడు నూనె కారకుండా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో కట్టండి.

4. ఎవరితో మాట్లాడాలి

నాలుగు దారులున్నాయి.

ఊళ్లోని ట్రావెల్స్: నెల్లూరు, ఒంగోలు, కావలిలో ఎక్కడైనా దొరుకుతాయి. ఒక బండి చెడితే ఇంకొకటి పంపగలరు. అర్ధరాత్రి ప్రయాణాలకు నేను దీన్నే ఎంచుకుంటాను.

సొంత బండి నడుపుకునే టాక్సీ డ్రైవర్: మీకు తెలిసినవాడు, ముందు వెళ్లి వచ్చినవాడు అయితే ఇంతకంటే మంచిది లేదు. బండికి ఏదైనా అయితే ప్రత్యామ్నాయం ఏమిటో మాత్రం ముందే అడగాలి.

యాప్‌లు: అవుట్‌స్టేషన్ బుకింగ్‌లో రేటు ముందే కనిపిస్తుంది. కానీ మన ఊళ్లలో, తెల్లవారుజామున, డ్రైవర్ ఎవరో ఆఖరి గంటల్లో గాని తెలియదు. వాళ్లు రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది, విమానం రాదు. పగటి ప్రయాణానికి సరే.

యాక్టింగ్ డ్రైవర్: మీకు సొంత కారుంటే రోజు కూలికి డ్రైవర్‌ను పెట్టుకోవచ్చు. ఖర్చు తగ్గుతుంది. ఫాస్టాగ్‌లో డబ్బు, టైర్లు, ఇన్సూరెన్స్ మీ పూచీ.

"రిటర్న్ బండి" అని సగం ధరకు దొరుకుతుంటాయి. చెన్నైలో ఎవరినో దించి ఖాళీగా వచ్చేవి. వచ్చేటప్పుడు వాడుకోవచ్చు. వెళ్లేటప్పుడు వద్దు. ఆ బండి టైము ఇంకొకరి చేతిలో ఉంటుంది.

గూగుల్‌లో వెతికి దొరికిన "కస్టమర్ కేర్" నంబర్లకు ఫోన్ చేసి అడ్వాన్స్ పంపకండి. మోసగాళ్లు అలాంటి నంబర్లు పెడుతున్నారు. లింకు పంపి దాంట్లో వివరాలు నింపమన్నా, ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి.

కారు దొరకకపోతే? పగటి విమానమైతే నెల్లూరులో రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగండి. అక్కడి నుంచి మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకు పోతుంది. 2018 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఒకరిద్దరు, తక్కువ సామాను అయితే ఇది చాలా చవక. మెట్రో రాత్రి 11 తర్వాత ఉండదు, తెల్లవారుజామున 5కి మొదలవుతుంది.

5. బాడుగ అడిగేటప్పుడు ఏడు ప్రశ్నలు

"చెన్నై ఎయిర్‌పోర్టుకు ఎంత?" అని అడిగితే తక్కువ అంకె చెబుతారు. దిగాక అది పెరుగుతుంది. గొడవపడాల్సిన పని లేదు, ముందే విడివిడిగా అడగండి:

- కిలోమీటరుకా, మొత్తానికి కలిపా?
- కిలోమీటరుకైతే రానుపోను లెక్కా? మీటరు ఎక్కడి నుంచి మొదలు, షెడ్డు నుంచా మన ఇంటి నుంచా?
- రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు అన్న నియమం ఉందా?
- డ్రైవర్ బత్తా ఎంత? రాత్రి బత్తా వేరేనా?
- టోల్, పార్కింగ్ ఎవరివి?
- తమిళనాడు పర్మిట్, టాక్స్ ఎవరు కడతారు?
- విమానం ఆలస్యమైతే వెయిటింగ్ గంటకు ఎంత?

లెక్క ఎలా పెరుగుతుందో చూడండి. ఈ అంకెలు లెక్క చూపించడానికే, రేట్లు కావు. కిలోమీటరుకు 14 రూపాయలు అన్నారనుకుందాం. 185 కిలోమీటర్లకు మీ మనసులో 2,590 పడుతుంది. రానుపోను 370కి అది 5,180. బత్తా 500 కలిపితే 5,680. ఆపైన టోళ్లు, పార్కింగ్. మీరు అనుకున్నదానికి రెండు రెట్లు దాటింది. డ్రైవర్ మోసం చేయలేదు, బండి ఖాళీగా తిరిగి రావాలి కదా. అడగకపోవడమే మన తప్పు.

నెల్లూరు నుంచి వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, తమిళనాడులో నల్లూరు టోల్‌గేట్లు వస్తాయి. చెన్నై బైపాస్ మీద ఇంకా ఉన్నాయి. ఒంగోలు నుంచి దక్షిణానికైతే టంగుటూరు, ముసునూరు కూడా కలుస్తాయి. 24 గంటల్లో అదే గేటు మీదుగా తిరిగి వస్తే రెండూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. రెండు పూర్తి టోళ్లు లెక్కేసి అడిగితే ఫాస్టాగ్ మెసేజ్‌లు చూపించమనండి.

మొత్తానికి కలిపి ఒకే రేటు కుదిరితే అదే మంచిది. వెళ్లేటప్పుడు దారి చుట్టు తిరిగినా, ట్రాఫిక్‌లో ఆగినా మీటరు వైపు చూస్తూ కూర్చోవాల్సిన పని ఉండదు.

అడ్వాన్స్ వెయ్యికి మించి ఇవ్వకండి. ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపి, "15వ తేదీ ఎయిర్‌పోర్టు కారు అడ్వాన్స్" అని అందులోనే రాయండి.

6. బండి కాగితాలు

పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ. తెల్ల ప్లేటు ఓన్ బోర్డు. ఓన్ బోర్డు బళ్లను బాడుగకు తిప్పకూడదు. ఐదారు వందలు తక్కువని ఎక్కితే, ప్రమాదం జరిగినప్పుడు బాడుగకు తిప్పుతున్నారన్న కారణంతో ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేయవచ్చు. బార్డర్‌లో ఆపి దించితే విమానం పోతుంది.

చెన్నై వెళ్లే టాక్సీకి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని అడగండి. లేకపోతే తమిళనాడు టాక్స్ ముందే ఆన్‌లైన్‌లో కట్టిన రసీదు ఫోటో పంపమనండి. తడ దాటాక ఎలావూరు చెక్‌పోస్టు దగ్గర అర్ధరాత్రి క్యూలో నిలబడి కట్టుకుందాంలే అంటే ఒప్పుకోవద్దు.

బండి నంబరు రాగానే ఎంపరివాహన్ (mParivahan) అనే ప్రభుత్వ యాప్‌లో కొట్టి చూడండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు కనిపిస్తాయి. రెండు నిమిషాల పని.

7. డ్రైవర్ ఎప్పుడు నిద్రపోయాడు?

నన్నడిగితే ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. దాదాపు ఎవరూ అడగరు.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లోవాళ్లను తెల్లవారుజాము విమానానికి తీసుకెళ్తున్నాం. "మంచి డ్రైవరబ్బయ్యా, చెన్నై రోడ్డు కొట్టినపిండి" అని చెప్పి పంపారు. నాయుడుపేట దాటాక బండి నెమ్మదిగా ఎడమకు జరుగుతోంది. తెల్లగీత దాటి మట్టి మీదకు టైరు దిగిన చప్పుడుకు నేను చూస్తే, అతని కళ్లు మూతలు పడుతున్నాయి. గట్టిగా పిలిచి ఆపించాను. టీ కొట్టు దగ్గర మొహం కడుక్కుని చెప్పాడు: ఉదయం నాలుగింటికి తిరుపతి బాడుగకు వెళ్లి, సాయంత్రం ఆరింటికి వచ్చి, ఇంటికి కూడా వెళ్లకుండా మా దగ్గరికి వచ్చాడట. "ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. నిజమే, నేనూ అడగలేదు. ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. బండి మీద కంతు ఉంది, ఇంట్లో పిల్లలున్నారు, వచ్చిన బాడుగ వదులుకోలేడు. ఆ అరగంట అక్కడే సీటు వాల్చి పడుకోమన్నాను. అదృష్టం కొద్దీ మాకు టైము మిగులుంది.

అప్పటినుంచి ట్రావెల్స్‌తో మాట్లాడేటప్పుడే చెబుతున్నాను: "రాత్రి ప్రయాణం. డ్రైవర్‌కు ఆ రోజు పగలు ఇంకో బాడుగ ఉండకూడదు. కావాలంటే రెండు మూడు వందలు ఎక్కువ తీసుకోండి." ఎక్కిన వెంటనే డ్రైవర్‌నే అడగండి, తప్పు పట్టే గొంతుతో కాదు, ఇంట్లో మనిషిని అడిగినట్టు: "అన్నా, భోంచేశావా? మధ్యాహ్నం పడుకున్నావా?" దాచుకోకుండా చెబుతారు.

పడుకోలేదని తెలిస్తే? ఇంకా ఇంటి దగ్గరే ఉంటే వేరే డ్రైవర్‌ను పంపమనండి. దారిలో ఉంటే రెండు గంటలకోసారి పది నిమిషాలు ఆపండి, ముందు సీట్లో మెలకువగా ఉండే మనిషి కూర్చోండి. ఆవలింతలు, మాటిమాటికీ కళ్లు నలుపుకోవడం, ముందున్న లారీకి మరీ దగ్గరగా వెళ్లి బ్రేకు కొట్టడం చూస్తే ఇక ఆలోచించకుండా ఆపించేయండి. దీని కోసమే రెండో మెట్టులో ఐదు గంటలు వేసుకోమన్నాను.

8. అంతా ఒక్క మెసేజ్‌లో రాయండి

ఫోన్లో మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో పెట్టండి. ట్రావెల్స్‌కు, డ్రైవర్‌కు ఇద్దరికీ. ఇలా:

"నమస్తే అండీ. 14వ తేదీ గురువారం రాత్రి 7.30కి కారు మా ఇంటి దగ్గర ఉండాలి, 7.50కి కదలాలి. లొకేషన్ కింద పంపాను. చెన్నై ఎయిర్‌పోర్టు, విదేశీ టెర్మినల్. ఫ్లైట్ 15వ తేదీ శుక్రవారం తెల్లవారుజామున 3.50. మనుషులు నలుగురు, పెద్ద పెట్టెలు 2, చిన్నవి 2. ఎర్టిగా, వెనక సీటు మడవాలి. బాడుగ మొత్తం కలిపి ఇంత, టోల్, బత్తా, పర్మిట్ అందులోనే. పార్కింగ్ మాది. డ్రైవర్‌కు గురువారం పగలు విశ్రాంతి ఉండాలి. సరేనంటే బండి నంబరు, డ్రైవర్ పేరు, ఫోన్ నంబరు పంపండి."

తేదీతో పాటు వారం తప్పకుండా రాయండి. ఒకటి తప్పితే ఇంకొకటి పట్టిస్తుంది.

"ఓకే" అని ఒక్క మాట వస్తే సరిపెట్టుకోకండి. ఫోన్ చేసి, "ఒకసారి మీరు చెప్పండి, ఏ రోజు, ఎన్నింటికి వస్తారు?" అని వాళ్ల నోటితో చెప్పించుకోండి. తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది.

9. ముందు రోజు, బయల్దేరే ముందు

ముందు రోజు సాయంత్రం ట్రావెల్స్‌కు కాకుండా నేరుగా డ్రైవర్‌కే ఫోన్ చేయండి. బండి నంబరు మారిందా, స్టెప్నీలో గాలి ఉందా, ఫాస్టాగ్‌లో డబ్బు ఉందా అడగండి. ట్యాంకు నింపుకునే రమ్మనండి. మిమ్మల్ని ఎక్కించుకున్నాక బంకులో, సీఎన్‌జీ క్యూలో నిలబడితే ఆ టైము మీదే. డ్రైవర్ ఫోన్ ఎత్తకపోతే ఆ సాయంత్రమే రెండో బండి చూసుకోండి, పొద్దున దాకా ఆగకండి.

చెప్పిన టైముకు పదిహేను నిమిషాలు దాటినా బండి రాకపోతే, ఫోన్లో "వచ్చేస్తున్నాం" అన్నా నమ్మకండి. లైవ్ లొకేషన్ పంపమనండి.

ఎక్కే ముందు మూడు ఫోటోలు తీయండి: నంబరు ప్లేటు, మీటరు, డిక్కీలో సామాను. మొదటిది ఇంట్లోవాళ్లకు పంపండి. ఆడపిల్ల ఒంటరిగా వెళ్తుంటే లైవ్ లొకేషన్ ఇంటికి షేర్ చేసి, ఆ సంగతి డ్రైవర్ వినేలా ఫోన్లో చెప్పించండి. పాస్‌పోర్టు, టికెట్, వీసా కాగితాలు చేతిలో పట్టుకునే సంచిలోనే ఉండాలి.

10. దారిలో

చెన్నై బైపాస్ తెలిసిన డ్రైవర్ అయితే పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి పెరుంగళత్తూరు దాకా వెళ్లి, జీఎస్టీ రోడ్డు మీదుగా వెనక్కి వస్తాడు, లేదా మధ్యలో పోరూరు వైపు దిగుతాడు. ఏది మేలో ఆ గంటను బట్టి ఉంటుంది. రెడ్‌హిల్స్ రాకముందే మ్యాప్ ఒకసారి చూడండి. ఫ్లైఓవర్ తప్పితే తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు.

హైవే మీద బండి ఆగిపోతే 1033కి, ప్రమాదమైతే 112కి ఫోన్ చేయండి. వెంటనే ట్రావెల్స్‌కు చెప్పి రెండో బండి అడగండి. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేటలో ఏది దగ్గరైతే అక్కడి నుంచి రప్పించడమే త్వరగా అవుతుంది.

11. తీసుకురావడానికి కారు పంపేటప్పుడు

దించడం కంటే ఇది కష్టం. విమానం దిగే టైము మన చేతుల్లో లేదు, దిగినవాళ్ల ఫోన్ పనిచేస్తుందో లేదో తెలియదు.

డ్రైవర్‌కు టైముతో పాటు ఫ్లైట్ నంబరు ఇవ్వండి. ఇంట్లో ఒకరు ఆ నంబరు గూగుల్‌లో కొట్టి చూస్తూ ఉండాలి. ఎక్కిన ఊళ్లోనే విమానం మూడు గంటలు ఆలస్యంగా లేస్తే, నెల్లూరులో డ్రైవర్‌ను కూడా ఆ మేరకు ఆపవచ్చు. వెయిటింగ్ డబ్బు మిగులుతుంది, అతనికి నిద్రా దొరుకుతుంది.

దిగే టైముకు, బయటికొచ్చే టైముకు తేడా ఉంది. విదేశాల నుంచి వస్తే ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అయ్యేసరికి గంట, గంటన్నర పడుతుంది. దేశీయమైతే ముప్పావుగంట. ఆ లెక్కతోనే డ్రైవర్‌కు టైము చెప్పండి.

వచ్చేవాళ్ల అమెరికా, గల్ఫ్ సిమ్ ఇక్కడ పనిచేయకపోవచ్చు. ఎయిర్‌పోర్టు వైఫైకి కూడా ఫోన్‌కు ఓటీపీ వస్తే గాని తెరుచుకోదు. అందుకే వాళ్లు అక్కడ విమానం ఎక్కకముందే మీరు వాళ్లకు నాలుగు సంగతులు పంపాలి: డ్రైవర్ ఫోటో, ఫోన్ నంబరు, బండి నంబరు, కలుసుకునే చోటు. స్క్రీన్‌షాట్ తీసుకోమనండి, పెద్దవాళ్లయితే కాగితం మీద రాసుకోమనండి. చోటు అంటే "బయట ఉంటాడు" కాదు. "అరైవల్ గేటు బయట పేరు రాసిన బోర్డు పట్టుకుని ఉంటాడు, కనిపించకపోతే అక్కడే నిలబడండి, కదలొద్దు" అని చెప్పండి. బోర్డు మీద పేరు తెలుగులో కూడా పెద్దగా రాయించండి. చెన్నైలో అది దూరం నుంచే కనిపిస్తుంది.

బండిని గేటు ముందు ఆపి ఉంచనివ్వరు. మల్టీ లెవెల్ పార్కింగ్‌లో పెట్టి, డ్రైవర్ మాత్రం నడిచి గేటు దగ్గరికి రావాలి. పార్కింగ్‌లో ఏ అంతస్తో, ఏ స్తంభం దగ్గరో ఫోటో తీసి పంపమనండి. అతను కూడా మర్చిపోతుంటాడు.

ఒక రోజంతా విమానాల్లో కూర్చుని వచ్చినవాళ్లు "బయట దొరికిన టాక్సీ ఎక్కేస్తాం" అంటారు. రాత్రిపూట ఒప్పుకోవద్దు. మీ డ్రైవర్ రావడానికి గంట పడుతుందంటే ఆ గంట లోపలే కూర్చోమనండి. అరైవల్ గుమ్మం దాటి బయటికొస్తే మళ్లీ లోపలికి వెళ్లనివ్వరు.

12. దిగేటప్పుడు

మీటరు ఫోటో మళ్లీ తీయండి. మెసేజ్‌లో రాసుకున్న బాడుగ, పార్కింగ్ రసీదు, వెయిటింగ్ ఉంటే ఎన్ని గంటలో చూసి, అడ్వాన్స్ తీసేసి మిగతాది ఇవ్వండి. రాత్రంతా జాగ్రత్తగా నడిపిన మనిషికి బత్తా కాక వంద, రెండొందలు చేతిలో పెట్టండి. అర్ధరాత్రి దాటి చేరితే తిరిగి డ్రైవ్ చేసేముందు ఒక గంట మీ వరండాలో పడుకోమని అడగండి.

డబ్బు ఇవ్వకముందే సామాను దించి లెక్కపెట్టండి. తర్వాత డిక్కీ అడుగున, ముందు సీటు జేబులో, వెనక సీటు సందులో టార్చి వేసి చూడండి. ఫోన్ ఛార్జర్లు, కళ్లజోళ్లు, ఒక్కోసారి పాస్‌పోర్టులే అక్కడ దొరుకుతుంటాయి.